ముందే వెళ్లిపోయే రైలు

రైళ్లు ఆలస్యంగా వస్తాయని లోకమంతా నమ్ముతుంది. అవి టైముకన్నా ముందే వెళ్లిపోతాయని నమ్మే మనిషి మాత్రం విశాఖపట్నం మొత్తానికి ఒక్కరే. ఆవిడ పేరు రోజారమణి. మహిళా కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్, బాస్కెట్‌బాల్ జట్టుకి కోచ్. మధ్యాహ్నం రెండింటి రైలుకి పిల్లలు ఉదయం తొమ్మిదిన్నరకల్లా ప్లాట్‌ఫారం మీద ఉండాలి. తొమ్మిదీ ముప్పై ఒకటికి వచ్చిన పిల్లని తలెత్తి చూసి, "లేటు" అంటారు. అంతకు మించి ఒక్క మాట అనరు. ఆ పిల్ల మాత్రం తర్వాతి నాలుగున్నర గంటలూ నేరం చేసినదానిలా కూర్చుంటుంది.

రైలు ముందెలా వెళ్లిపోతుందని ఎవరైనా అడిగితే ఆవిడ దగ్గర సాక్ష్యం సిద్ధంగా ఉంటుంది. ఆనందపురంలో ఉండే దేముడమ్మ పెద్దమ్మ ఒకసారి రైలెక్కబోతే అది అయిదు నిమిషాల ముందే వెళ్లిపోయిందట. జట్టులోని దేవి మొదటి సంవత్సరంలో విన్నప్పుడు అయిదు నిమిషాలే. రెండో సంవత్సరానికి అరగంటయింది. మూడో సంవత్సరం వచ్చేసరికి గంటన్నర. ఇదే వరస సాగితే తమ చదువు పూర్తయ్యేలోగా ఆ రైలు పట్టాలు వేయకముందే వెళ్లిపోతుందని జట్టంతా బెంగపెట్టుకుంది.

ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే గోపికి కూడా ఈ సంగతి అలవాటైపోయింది. మేడం కనిపించగానే, "నిన్నటి రైలుకా మేడం, రేపటి రైలుకా?" అని అడిగి మరీ టీ పోసేవాడు.

దేవి ఆ జట్టులో అందరికన్నా పొడుగు. బోర్డుకి తగిలి వచ్చిన బంతి ఏదైనా ఆమె చేతుల్లోకే రావాలి. ఆ ఏడాది లీగ్‌లో ఇరవై మూడు మ్యాచ్‌లు ఆడితే ఇరవై మూడూ గెలిచారు. అదీ ఇరవై, ముప్పై పాయింట్ల తేడాతో. అవతలి జట్టు పిల్లలు మ్యాచ్ మొదలవకముందే వచ్చి సెల్ఫీలు అడిగేవారు, తర్వాత ఏడుపు మొహాలతో ఫొటో బాగుండదని. గెలిచీ గెలిచీ చివరికి చూసేవాళ్లు కరువయ్యారు. ఎలాగూ గెలుస్తారు కదా అని కాలేజీలో ఒక్కరూ గ్రౌండ్‌కి వచ్చేవారు కాదు. మెట్ల మీద నాలుగు కాకులు, కింద మేడం. గెలిచిన ప్రతి సాయంత్రం మిగతా పిల్లలు ఇళ్లకి ఫోన్లు చేసుకుంటుంటే, దేవి బంతులన్నీ ఏరి వలసంచిలో వేసేది. ఆ పని ఎవరూ చెప్పలేదు, తనే పెట్టుకుంది.

దేవికి అమ్మ పోయి ఆరేళ్లయింది. నాన్న కన్నబాబు ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మీద వేటకెళ్తే పదిహేను రోజులకి గానీ తిరిగిరాడు. నడిసముద్రంలో ఫోను పలకదు. మంచివాడే, కూతురంటే ప్రాణమే. కానీ చెప్పాల్సిన కబురు ఉన్న రోజున ఎప్పుడూ సముద్రం మీదే ఉంటాడు. హాస్టల్లో స్నేహితులు బోలెడుమంది. అయినా ఆదివారాలు వాళ్లంతా ఇళ్లకి వెళ్లిపోయాక, మెస్సులో ఒక్క కంచం ముందు కూర్చుంటే దేవికి అన్నం సయించేది కాదు.

పెద్దమ్మ కథ ఇంకా పుట్టకముందు, జట్టు మొదటి ప్రయాణం నాడు అందరూ మామూలు టైముకే స్టేషన్‌కి వచ్చారు. ఒక్కో పిల్ల చుట్టూ అరడజనుమంది. బొట్లు పెట్టడాలు, పులిహోర పొట్లాలు, దిగగానే ఫోన్ చెయ్యమని పదేసిసార్లు చెప్పడాలు. దేవి ఎటు చూడాలో తెలియక, రైళ్ల టైముల బోర్డు ముందుకెళ్లి నలభై నిమిషాలు దాన్నే చదివింది. పలాస ప్యాసింజర్ ఎన్నింటికో ఇప్పటికీ ఆమె నిద్రలో లేపినా చెప్తుంది.

ఆ తర్వాతి ప్రయాణం నుంచే తొమ్మిదిన్నర చట్టం వచ్చింది. నాలుగున్నర గంటలు స్టేషన్లో ఎవరు కూర్చుంటారు? కెప్టెన్ అనూరాధ తల్లి పుష్పకి పూర్ణా మార్కెట్లో గాజుల కొట్టుంది. పదింటికి కొట్టు తెరవాలి. కూతుర్ని దింపి, మేడంని మనసారా తిట్టుకుంటూ వెళ్లిపోయేది. మిగతా తల్లిదండ్రులూ అంతే. పది దాటేసరికి పన్నెండుమంది పిల్లలూ, మేడమూ, గోపీ మిగిలేవారు. అంత్యాక్షరి పాడుకుంటూ రైలు కోసం చూసేవారు. ఆ నాలుగున్నర గంటలంటే జట్టులో అందరికీ విసుగు, దేవికి తప్ప.

లీగ్ గెలిచినందుకు కోయంబత్తూరులో అఖిల భారత టోర్నమెంటుకి పిలుపొచ్చింది. అక్కడ ఒక్క మ్యాచ్ ఓడితే పెట్టె సర్దుకోవడమే. కాలేజీకి ఉన్నట్టుండి జట్టు గుర్తొచ్చింది. పిల్లలందరినీ కుటుంబాలతో సహా మధ్యాహ్నం ఒంటిగంటకి స్టేషన్‌కి రమ్మని, బ్యానరుతో, డప్పులతో ఘనంగా సాగనంపుతామని ప్రిన్సిపాల్ శ్రీరామ్మూర్తి ప్రకటించారు. మేడం వెళ్లి అరగంట వాదించారు. ఆ రోజు దేముడమ్మ పెద్దమ్మ రైలు ఏకంగా ముందురోజే వెళ్లిపోయిందట. ప్రిన్సిపాల్ మంచినీళ్లు తెప్పించి ఇచ్చారు గానీ టైము మార్చలేదు.

ఆ మాట విన్నప్పటినుంచి దేవికి ఒకటే ఆలోచన. డప్పుల మధ్య, దండల మధ్య మళ్లీ ఆ బోర్డు ముందు నిలబడాలి. మర్నాడు ప్రాక్టీసయ్యాక బంతుల సంచి మేడం దగ్గర పెట్టి, చీలమండ బెణికిందనీ, టోర్నమెంటుకి రాలేననీ చెప్పేసింది. మేడం కాలు వంక చూడలేదు.

"ఏ కాలే?"

"ఎడం కాలండి," అంది దేవి, కుడి కాలు పట్టుకుని.

మేడం సంచిలోంచి ఒక బంతి తీశారు. ఖాళీ మెట్ల మీద కాకులు కూడా ఈ అబద్ధాన్ని నమ్మినట్టు లేవు. అప్పుడు దేవికి ఒక సంగతి తట్టింది. గుంటూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు మేడం అందరికీ నింపాదిగా ఐస్‌క్రీములు తినిపించి, ఆఖరికి కదిలే రైలు వెనకాల పరిగెత్తించారు. రాజమండ్రిలోనూ అంతే.

"మేడం, ఇక్కణ్ణించి ఎల్లీటప్పుడే రైలు ముందెల్లిపోతాది మీకు. తిరిగొచ్చీటప్పుడు ఎల్లదేటండి?"

"ఆ రైలు వేరు, ఈ రైలు వేరు," అన్నారు మేడం, బంతి మీది దుమ్ము చీరకొంగుతో తుడుస్తూ.

"మరి మీ పెద్దమ్మగారి రైలో?"

"మా పెద్దమ్మ రైలెక్కలేదే జన్మలో. ఆవిడికి బస్సే పడదు."

దేవి మెట్టు మీద కూర్చుంది. మూడేళ్లుగా ఊళ్లో తల్లులందరి చేతా తిట్లు తింటూ, ప్లాట్‌ఫారం ఖాళీ చేయించింది ఈవిడ. అదీ తన కోసం. ఏడవాలో నవ్వాలో దేవికి తెలియలేదు.

"మీకెలా తెలిసిందండి, నాను బోర్డు కాడ..."

"ఆ బోర్డుకి ఇటుపక్క నువ్వు, అటుపక్క నాను," అన్నారు మేడం. "నన్నెక్కించడానికి మాత్రం ఎవరొచ్చారే? క్వార్టర్‌కి తాళమేసి రావడమే. కిందనుంచి నీ బూట్లు కనిపించాయి. ఇరవై నిమిషాలకి పోతాయనుకున్నాను, పోలేదు. సరే, ఆ ఎడం కాలు రేపటికి తగ్గిపోద్దా?"

దేవి తగ్గిపోద్దంది.

ప్రయాణం నాడు దేవి ఒంటిగంటకి రావలసింది తొమ్మిదింటికే స్టేషన్‌కి చేరింది. మేడం కన్నా ముందు వెళ్లాలని ఆమె పట్టుదల. అప్పటికే బెంచీ మీద మేడం, పక్కన బంతుల సంచి, చేతిలో గోపి ఇచ్చిన రెండో టీ. దేవిని చూసి, "లేటు" అన్నారు.

దేవి తన సంచి దించింది. సంచిలోంచి పులిహోర పొట్లం, నాలుగు అరటిపళ్లు, నీళ్ల సీసా తీసి మేడం ఒళ్లో పెట్టింది. కుంకుమ పొట్లం విప్పి ఆవిడ నుదుటన బొట్టు పెట్టింది. తర్వాత చేతులు కట్టుకుని, మూడేళ్ల కిందట ఆ ప్లాట్‌ఫారం మీద విని కంఠస్థం చేసినవన్నీ వరసగా అప్పజెప్పింది.

"కిటికీలోంచి సెయ్యి బయటెట్టకండి. ఎవరేటిచ్చినా తినకండి. దిగ్గానే ఫోన్ సెయ్యండి."

"నువ్వూ అదే పెట్టెలో వత్తన్నావు కదే," అన్నారు మేడం.

"అయినా సెయ్యండి."

మేడం ఒక అరటిపండు ఒలిచి సగం దేవి చేతిలో పెట్టారు. ఒంటిగంటకి డప్పులొచ్చాయి, బ్యానరొచ్చింది, పుష్ప రెండు బుట్టల తినుబండారాలతో వచ్చింది. కూతుర్ని రైలెక్కించే భాగ్యం మూడేళ్లకి దక్కిందని అందరికీ వినిపించేలా అంది. టైముల బోర్డు ముందు ఎవరూ లేరు. పొడుగాటి అమ్మాయీ పొట్టి మేడమూ బెంచీ మీద పక్కపక్కన కూర్చుని పులిహోర తింటున్నారు. రైలు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఇదంతా పెద్ద కుట్రన్నట్టు మేడం ఇంజన్ వంక అనుమానంగా చూశారు.

మర్నాడు కోయంబత్తూరులో దిగి, పిల్లలంతా పెట్టెలు సర్దుకుంటూ ఇళ్లకి ఫోన్లు మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ దేవి బంతుల సంచి కోసం వెతికింది. అది కనపడలేదు. ఇంతలో ఆమె ఫోను మోగింది.

నాలుగడుగుల దూరంలో, బంతుల సంచి భుజాన వేసుకుని, అటు తిరిగి నిలబడి మేడం ఫోన్లో మాట్లాడుతున్నారు.

"క్షేమంగా దిగేనే. నువ్వు తిన్నావా?"

దేవి ఆ వీపు వంక చూస్తూ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"లేటండి," అంది. "దిగి రెండు నిమిషాలయ్యింది."