ఆఖరి గుడ్లు

మా బావ హేచరీలో, పొదిగే మెషిన్‌లో కోడిగుడ్డు పెడితే సరిగ్గా ఇరవై ఒకటో రోజున పిల్లయ్యేది. వంతెన అవతలి దేశం నుంచి బేరం రాగానే గుడ్లు పెట్టేవాడు. పిల్లల్ని వ్యాన్‌లో అవతలికి చేర్చేది నేను. తిరిగొస్తూ అక్కడి మొక్కజొన్న తెచ్చేవాణ్ణి. మా ఊరి దాణా మిల్లుకి అదే ఆధారం.

అవతలివాళ్లు వాళ్లలో వాళ్లు కొట్టుకుచావడం మొదలుపెట్టారు. వంతెన మూసేశారు. వాళ్ల గొడవ మనకెందుకులే అనుకున్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది! అప్పటికే మెషిన్‌లో ఆరువేల గుడ్లున్నాయి. యుద్ధమొచ్చిందంటే అవి ఆగుతాయా? మూడోరోజున పగిలి పిల్లలయ్యాయి. కొనేవాడు లేడు, మిల్లు మూతపడి దాణా లేదు. ఊరికే ఇస్తాను తీసుకోండని వీధివీధీ తిప్పాను. మిల్లులో పని పోయిన ఒకాయన, "మా పొయ్యిలోనే పిల్లి లేవట్లేదు, వీటికేం పెట్టమంటావయ్యా?" అన్నాడు. వారం తిరక్కుండా పిల్లలన్నీ ఆకలితో అరిచి అరిచి చచ్చాయి. బావే తట్టలకెత్తి మోశాడు.

అంతటితో ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు? సంధి మాటలు జరుగుతున్నాయని రేడియోలో విని మళ్లీ మెషిన్ నింపాడు. మేపలేక కోసేసిన మా కోళ్లు అంతకుముందు పెట్టిన ఆఖరి గుడ్లవి. ఇవీ పోతే హేచరీ లేనట్టే.

"కూర వండుకుందాం బావా, కనీసం కడుపన్నా నిండుతుంది" అన్నాను.

"నోర్ముయ్. వంతెన తెరిచాక మొదలెడితే మూడువారాలు దండగ. అప్పటికి సరుకు చేతిలో ఉండాలి."

సంధి చెడింది. ఇరవయ్యోరోజు పొద్దున అక్క మెషిన్ గదిలోకొచ్చింది.

"ఆపెయ్యండి. మళ్లీ ఆ అరుపులు నేను వినలేను."

బావ ఒక గుడ్డు తీసి చెవికి ఆనించుకున్నాడు. "లోపల పిల్ల మాట్లాడుతోందే" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఒరేయ్, నువ్వు ఆపరా" అన్నాడు.

"నావల్ల కాదు బావా."

చివరికి తనే స్విచ్చి కట్టేశాడు. ఫ్యాను ఆగింది. ఇన్నాళ్లూ దాని హోరు కింద మాకు వినపడని కిచకిచలు గదంతా నిండిపోయాయి. అక్క చెవులు మూసుకుని ఇంట్లోకి పరుగెత్తింది. బావ తలుపు దగ్గరే కూలబడ్డాడు. లేవమన్నా లేవలేదు, మంచినీళ్లిచ్చినా ముట్టలేదు.

"ఇంకా ఎంతసేపు అరుస్తాయిరా?" అన్నాడు.

ముప్ఫయ్యేళ్లుగా గుడ్లు పొదిగించిన మనిషి ఆ మాట నన్నడిగాడు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.