పాలు పడ్డాయా అని అడిగిన డాక్టరమ్మ

మొన్న ఉదయం, నాకు వైద్యం నేర్పిన డాక్టర్ ఎస్తేరమ్మ గారు కన్నుమూశారన్న వార్త జహీరాబాద్ దవాఖానలో నన్ను చేరేసరికి, చేతిలోని స్టెతస్కోపు ఎవరి గుండె మీద ఉందో మరిచాను. చూస్తే నా గుండె మీదే ఉంది.

మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథి (పిట్యూటరీ) ఉంటుంది. తక్కిన గ్రంథులకు ఆజ్ఞలిచ్చేది అదే. అది సొమ్మసిల్లితే మనిషి చల్లబడి, మందగించి, మతి తప్పినట్టవుతాడు. లోకం దాన్ని వార్ధక్యమంటుంది. నేను గ్రంథాలు చదివినవాణ్ణి; ఎస్తేరమ్మగారు గ్రంథుల్ని చదివిన విదుషి.

కొన్నేళ్ల కిందట, నేను ఆమె దగ్గర పని నేర్చుకునే రోజుల్లో, రాయికోడ్ వైపు నుంచి సంగప్ప అనే రైతు తన తల్లి శరణమ్మను తీసుకొచ్చాడు. తోడుగా ఆవిడ అక్క. మండుటెండలో గొంగడి కప్పుకొన్న శరణమ్మ, కొడుకు పేరడిగితే గోడకేసి చూసింది.

"వయసైంది మేడమ్, మతి పోయింది. జర బలానికి సూది ఇయ్యున్రి, తీస్కపోత," అన్నాడు సంగప్ప.

"వయసు రోగం పేరు కాదు నాయినా," అని అమ్మగారు అక్క వైపు తిరిగారు. "అవ్వా, మీ చెల్లె ఆఖరి కాన్పుల నెత్తురు బాగ పోయిందా? బిడ్డకు పాలు పడ్డయా?"

సంగప్ప పకపకా నవ్వాడు. "ఇప్పుడు పాల ముచ్చటేంది మేడమ్! ఆ పిల్లగాన్ని నేనే. మీసాలు నెరిసినయ్!"

అక్క నవ్వలేదు. "నెత్తురు మస్తు పోయింది. చుక్క పాలు పడలె. వీనికి నేనే ఇచ్చిన."

పాలు పడమని ఆజ్ఞిచ్చేదీ ఆ పీయూష గ్రంథే. ఆనాటి రక్తస్రావంలో దెబ్బతిన్న గ్రంథి ఇన్నేళ్లూ ఆమెను కొద్దికొద్దిగా ఆర్పుతూ వచ్చింది. నెత్తురు పరీక్షా అదే చెప్పింది. ముందు స్టెరాయిడ్ గోలి, అది ఒంటబట్టాకే థైరాయిడ్ గోలి. ఆ వరుస తప్పితే ప్రాణాపాయమని అమ్మగారు నా మందబుద్ధికి నూరిపోశారు.

మెదడు కణాలే నశించే మతిమరుపు వ్యాధులకు ఆమె ఏనాడూ అబద్ధపు ఆశ చూపలేదు. "అందర్నీ వెనక్కి తేలేం. తేగలిగినోళ్లను వయసు మీదికి నూకొద్దు," అనేవారు.

కొన్ని నెలలకు శరణమ్మ గొంగడి లేకుండా నడిచొచ్చింది. వస్తూనే గదిమింది: "సంగా, డాక్టరమ్మ ముంగట కాలు మీద కాలేస్తవేందిరా?"

ఆ మీసాల రైతు కాలు దించి వెక్కివెక్కి ఏడ్చాడు. తల్లి నోట తన పేరు విని ఎన్నాళ్లయిందో! "తిట్టిందంటే తిరిగొచ్చినట్టే," అన్నారు అమ్మగారు. వైద్యశాస్త్రంలో అంతకు మించిన విజయగీతం నేను వినలేదు.

నిన్న అంత్యక్రియల్లో శరణమ్మ నా చేయి పట్టుకుంది. "ఇగ మా అసొంటోళ్లను ఎవలు అడుగుతరు బిడ్డా?"

"నేనడుగుతనవ్వా."

"నువ్వా? ఆ ముచ్చట అడగనీకె సిగ్గుపడి నోట్లనే నములుతవ్. జర గట్టిగ అడుగు!"

అమ్మా, మీ లోటు తీరేది కాదు. ఈ ఉదయం కోహీర్ నుంచి మతి తప్పిన వృద్ధురాలొకరు వచ్చారు. గట్టిగానే అడిగాను. వరండా అంతా నవ్వింది. నవ్వనివ్వండి, మీకిదే నా జోహారు.