అవ్వ చుట్టిన కాయిల్

అప్పట్లో నాకు మనుషుల మాట కంటే రేడియో మీటరు ముల్లు మీద నమ్మకం ఎక్కువ. ఉద్యోగం ఎల్బీనగర్‌లో, కిరాయి ఇల్లు కొత్తపేటలో, బీరువాలో భద్రంగా, సొంత రేడియోతో ఊరూరి వాళ్లతో మాట్లాడుకోవడానికిచ్చే హ్యామ్ రేడియో లైసెన్సు. నేను మాట్లాడాలనుకున్న బ్యాండుకు డైపోల్ యాంటెన్నా కట్టాలంటే మధ్యలో రేడియో నుంచి వచ్చే కేబులు, దానికి అటూ ఇటూ చెరో పది మీటర్ల తీగ కావాలి. మా డాబా పొడవే పది మీటర్లు! అందుకని తీగను సగానికి కుదించి, తగ్గిన పొడవుకు బదులుగా కేబులు పక్కనే రెండు వైపులా ఒక్కో కాయిల్ పెట్టాను. సన్న పైపు, సన్న తీగ, ఒకదాని మీదొకటి ఎక్కిన చుట్లు. మీటరు మాత్రం అంతా భేషుగ్గా ఉందనేది. ఆరు నెలలు గొంతు చించుకున్నా ఒక్కడూ పలకలేదు.

ఒక శుక్రవారం ఓనర్ అంకుల్ తేల్చేశారు. "ఏంది తమ్మీ, ఎవడన్న మాట్లాడ్తుండా లేదా? ఆదివారం పన్నెండింటికి రేకుల షెడ్డు ఏసేటోళ్లు ఒస్తరు. గప్పటిదాక ఎవడన్న పలికితే షెడ్డు జర పక్కకు జరిపిస్త. లేకుంటే తీగ తీసెయ్." (ఆ లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. ఇంట్లో మొదటిసారే పాసయ్యానని కోశాను.)

శనివారం పొద్దున ఇంకోసారి అరిచి, రేడియో ఆపి, ఏడుపు మొహంతో తీగ కిందికి దించాను. మిరపకాయలు ఎండబెట్టడానికొచ్చిన అంకుల్ వాళ్లమ్మ, మేమంతా అవ్వ అనేవాళ్లం, కాయిల్ పట్టుకుని చటుక్కున వదిలేసింది. "అయ్యో, గిది కాలుతుంది బిడ్డా!"

ముట్టుకుని చూస్తే నిజమే. నా పవరంతా గాల్లోకి పోకుండా కాయిల్‌ను కాల్చడానికే పోతోంది! మీటరు పవరు లోపలికి వెళ్తోందని చెబుతుందే గానీ, వెళ్లి ఏం వెలగబెడుతోందో చెప్పదు కదా. అవ్వేమో పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టి, చిన్నప్పట్నుంచీ నూలు కండెలు చుట్టిన మనిషి. నా చుట్లు చూసి ఆమెకు ఒళ్లు మండింది. "గిట్ల చుడ్తరా ఎవరన్న? పోగు మీద పోగెక్కింది. మా నాయిన చూస్తే ఇంట్లకెల్లి ఎల్లగొడ్తుండె."

దిల్‌సుఖ్‌నగర్ పరిగెత్తి లావు రాగి తీగ, వెడల్పు పైపు తెచ్చాను. అవ్వ తీగతో పాటు పురికొస కూడా కలిపి చుట్టింది. "ఇగ దారం గుంజెయ్, సందు గట్లనే ఉంటది." నిజంగానే చుట్టుకూ చుట్టుకూ మధ్య సమానంగా ఖాళీ! "లెక్క తప్పుతుందేమో అవ్వా" అని గొణిగితే, "నోర్మూసుకొని పైపు పట్టుకో" అంది. కేబులు దగ్గరే కరెంటు ఎక్కువ కాబట్టి, ఆ కాయిళ్లను ఈసారి దానికి దూరంగా, చెరో వైపు తీగకు నడిమధ్యకు జరిపి కట్టాను.

ఆదివారం పదకొండున్నరకే షెడ్డు వాళ్లు ఇనుప పైపులతో డాబా ఎక్కారు. అంకుల్ గడియారం చూసుకుంటున్నారు. కంగారులో, లైసెన్సుతో ఇచ్చిన గుర్తు పేరు, నా కాల్‌సైనే, సగంలో మర్చిపోయి మళ్లీ మొదలెట్టాను. అప్పుడు గరగరల మధ్య నుంచి ఒక పెద్దాయన గొంతు! కొచ్చి నుంచట. బాగా వినపడుతున్నావు, యాంటెన్నా ఏమిటని ఇంగ్లీషులో అడిగాడు. సగం సైజు డైపోల్ అంటే నమ్మలేదు. "అంత చిన్నదా! అంత బాగా కాయిల్ ఎవరు చుట్టారు?"

"నేనే" అనేశాను.

పక్కనే నిలబడ్డ అవ్వకు ఇంగ్లీషు రాదు. "ఏమంటుండు బిడ్డా?"

"కాయిల్ చాలా బాగుందంటున్నాడు అవ్వా."

"నేను చుట్టిన్నని చెప్పినవా?"

"చెప్పాను."

అర నిమిషంలో రెండు అబద్ధాలు. అవ్వ కొంగు సర్దుకుని, "ఏయ్, షెడ్డు గటు జరుపుండ్రి" అని కేకేసింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఇప్పుడు అవ్వ లేదు, నా జుట్టు నెరిసింది. రేడియోలో ఎవరు దొరికినా, వాళ్లు అడిగినా అడగకపోయినా, కాయిల్ అవ్వ చుట్టిందని ముందే చెప్పేస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. వాళ్లకెందుకండీ ఆ సంగతి, అంటుంది.