ఇరుకు గదికి ఆది తొడుగు

బర్మాలో, చిమిండైంగ్ బజారు వెనక మా ఆయనకు లైసెన్సున్న తుపాకుల మరమ్మతు కొట్టు ఉండేది. బోర్డు మీద పేరు ఆయనది. లోపల మర లాగిన చెయ్యి నాది. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ఆయన చేతికి వణుకు వచ్చాక, పేల్చిన తూటాల ఇత్తడి తొడుగులను మళ్ళీ కొలతకు నొక్కే పని నేనే చేశాను.

అప్పట్లో దేశం తలుపులు మూసుకుని కూర్చుంది. బయటి సరుకు రాదు. పొలాల్లో అడవి పందులను కొట్టే రైతులు పేల్చిన తొడుగునే ఏరుకుని మళ్ళీ నింపించుకునేవారు. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి, తుపాకీలో తూటా కూర్చునే గది ఆకారానికి వస్తుంది. దాన్ని డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కి మళ్ళీ సన్నం చేయాలి. ఇరుక్కోకుండా నూనె రాయాలి, ఎక్కువైతే ఆ నూనే సొట్ట పెడుతుంది. మగాళ్ళు ధారగా పోసేవారు. నేను వంటింటి మసిగుడ్డతో ఒకసారి తుడిచి ఊరుకునేదాన్ని. నూనే మిగిలేది, తొడుగూ మిగిలేది.

జనం వీధుల్లో తిరగబడిన ఏడు, వానల్లో, ఏరు అవతలి ట్వంటే నుంచి ఒక బర్మా పెద్దాయన వచ్చాడు. మా పాత గిరాకీ. నేను ఆయన్ని ఊలే అనేదాన్ని, అంటే బాబాయి. ఆయన నన్ను మర్యాదకు ఆడో, పిన్ని, అనేవాడు. సంచిలోంచి ఒక కుండ తీసి నా ముందు పెట్టాడు. నిండా ఙపి, పులియబెట్టిన చేపల ముద్ద. కొట్టంతా గుప్పుమంది.

“పండగా ఏమిటి ఊలే, చేపలు తెచ్చారు?” అన్నాను బర్మీలో.

“అడుగున చెయ్యి పెట్టు ఆడో.”

పెట్టాను. ఇత్తడి తొడుగులు! రేవులో సిపాయిలు సంచులు కుమ్మరిస్తున్నారట. ఖాళీ తొడుగు కనిపిస్తే ఎవరి మీద పేల్చావని అడుగుతారు, లైసెన్సు చూసేంత ఓపిక వాళ్ళకు లేదు. అందుకని ఙపిలో దాచాడు.

ఆయన సొంత తొడుగులు వాడి వాడి మూతులు పగిలిపోయాయి. ఇవి చనిపోయిన పొరుగు రైతువి. ఆ రైతు తుపాకీ గది వదులు, ఈయనది మొదటినుంచీ ఇరుకు. చేను పొట్ట మీద ఉంది, పందులు దిగాయి. ఈ తొడుగులు పట్టకపోతే ఆ ఏటి పంట లేనట్టే.

మామూలుగా అయితే తుపాకీ మా బల్ల మీద ఉండాలి. ఒక్కో తొడుగూ అందులో పెట్టి చూసుకుంటూ నొక్కాలి. ఆ రోజుల్లో తుపాకీతో ఏరు దాటేదెవరు?

మా ఆయన చేతులెత్తేశాడు. “గది లేకుండా కొలతేటి తెలుస్తాది? ఎల్లిపోమని సెప్పు.”

నేను ఆలోచించాను. దూరాన ఉన్న పిల్లకి రవిక కుట్టించాలంటే పిల్లను తెస్తామా? ఆది జాకెట్టు పంపుతాం. “ఊలే, మీ తుపాకీలో పేలిన తొడుగు ఒక్కటైనా ఉందా?”

పొగాకు సంచిలోంచి తీశాడు. మూతి చీలింది కానీ భుజం, మూతి కింద తొడుగు సన్నబడే చోటు, బాగుంది. నాకు కావలసింది భుజమే, ఆ ఇరుకు గది అచ్చు దాని మీదే ఉంది.

ముందు చింతపండు పెట్టి అన్నీ తోమి, ఒకటి మరలో నొక్కాను. మా ఆయన ఒకే గొట్టంలోంచి కోసిన రెండు ఉంగరాలు ఇచ్చాడు. ఆదికి ఒకటి, నొక్కిన తొడుగుకి ఒకటి, భుజం మీద ఆనేలా తొడిగి, అద్దం మీద పక్కపక్కన నిలబెట్టి, పైన ఉక్కు స్కేలు పెట్టాను. ఆది వైపు కిటికీ వెలుగు కనిపించింది. అంటే నేను నొక్కింది ఇంకా పొడుగు. మర చివరిదాకా దిగిపోయింది, ఇక నొక్కదు.

తొడుగును కింద పట్టుకునే ఉక్కు బిళ్ళ తీసి సానరాయి మీద రుద్దడం మొదలుపెట్టాను. బిళ్ళ పలచబడితే తొడుగు అచ్చులోకి ఇంకాస్త ఎక్కుతుంది.

“ఏటే, ఉన్న ఒక్క బిళ్ళా అరగదీసేస్తావేటి? మళ్ళీ ఎక్కడ దొరుకుతాది?”

“నోరు అరగకండా సూసుకోండి. బిళ్ళ సంగతి నాను సూస్తాను.”

ఆయన భయం అబద్ధం కాదు. ఎక్కువ అరిగితే భుజం మరీ కిందకి పోతుంది. అలాంటి తొడుగు గదిలో కదిలి, పేలినప్పుడు తెగుతుంది. పెద్దాయన మొహం ముందే తెగుతుంది. రెండు రుద్దులకోసారి ఆపి, నొక్కి, అద్దం మీద చూశాను. స్కేలు కింద వెలుగు ఆది వైపు పోయి, నొక్కిన తొడుగు వైపు సన్నగా, పట్టుదారమంత కనబడ్డాక రాయి కడిగేశాను. బయట ఊరేగింపు కేకలు వినబడుతున్నా మర వదల్లేదు.

మా ఆయన మందు, గుండు కూర్చి ఇచ్చాడు. పెద్దాయన మళ్ళీ ఙపిలో ముంచి తీసుకుపోయాడు. తరవాత కాల్పులు, కర్ఫ్యూ. పడవలు ఆగిపోయాయి. ఏరు అవతల ఏమైందో తెలియదు.

కోతలయ్యాక, ఏరు దాటించే దలా పడవ దిగి పెద్దాయన వచ్చాడు. భుజాన కొత్త బియ్యం మూట. కళ్ళు రెండూ ఉన్నాయి, వేళ్ళన్నీ ఉన్నాయి. ముందు అవే చూసుకున్నాను.

“ఒక్కదానికీ బలం పెట్టలేదు ఆడో. తుపాకీ గడియ దానంతటదే పడింది.”

మా ఆయన కొట్టు ముందున్న వాళ్ళందరికీ వినబడేలా అన్నాడు: “ఇరుకు గదైతే నన్నడక్కండి. మా ఇంటిదాన్ని అడగండి.”

నేను బియ్యం లోపల పెట్టి, అందులో దాచి తెచ్చిన ఖాళీ తొడుగులు అద్దం మీద పరిచాను. ఒక్కటీ చీలలేదు. కానీ ఒకటి తక్కువ.

“కాలవ బురదలో పడిపోయింది ఆడో” అన్నాడు పెద్దాయన, తల గోక్కుంటూ.

“నీళ్ళు తగ్గాయిగా. వెతికి తీసుకురండి.”

తెచ్చాడు.