ముసలయ్య ఇంట్లో పరాసు మర్యాద

నూకాలమ్మ బొమ్మిడాయిల పులుసులో కూర్చుంది. మట్టి దాక పగల్లేదు. పులుసు చల్లారే ఉంది కనుక ఆమెకూ ఏమీ కాలేదు. అత్త మాణిక్యం దాకలోకి తొంగి చూసి, రెండు చేపలు మిగిలాయని చెప్పింది. నూకాలమ్మ భర్త ముసలయ్య ఆ రెండూ తిని, పులుసు బాగుందన్నాడు.

తప్పు ఆమెది కాదు. మొగుడి ఎదుట తిండికి కూర్చోవడం పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమెకు అదే మొదలు. కంగారులో వెనక్కి చూసుకోకుండా చతికిలబడింది.

ఇదంతా యానాం వల్ల వచ్చింది. ధవళేశ్వరంలో ఆనకట్ట లేస్తున్న రోజులవి. ముసలయ్యది మురమళ్ళ దగ్గర జాలరిపేట. పట్టిన చేపల్ని ఎదుర్లంక రేవులో పడవకెత్తి, గోదావరి దాటి యానాంలో అమ్ముకు వచ్చేవాడు. అతనికి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. వీడైనా ముసలివాడయ్యేదాకా బతకాలని మాణిక్యం ఆ పేరు పెట్టుకుంది. ముప్పై ఏళ్లకే ముసలయ్య అయినందుకు రేవులో పడవ నడిపే బంగారరాజు “తాతా, చెయ్యందుకో, జారిపడతావు” అని రోజూ ఏడిపించేవాడు.

యానాంలో అతను చేపలు పోసే ఇళ్లలో ఒక ఫ్రెంచి దొరది ఒకటి. మనవాళ్ళు పరాసు దొర అనేవారు. ఒకనాడు వంటవాడు అప్పన్న తట్ట దించుకుంటుండగా ముసలయ్య కిటికీలోంచి లోపలికి చూశాడు. దొర ముందు పళ్లెంలో కూర పొగలు కక్కుతోంది. దొర మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

“ఏమండీ అప్పన్నగారూ, దొరగారికి ఒంట్లో బాలేదాండీ?”

“బానే ఉందిరా. దొరసాని వచ్చి కూచుంటేగాని చెంచా ముట్టడు. అదీ ఆళ్ల మర్యాద.”

“ఆయ్! మరి తమరెప్పుడు తింటారండీ?”

“ఆళ్లు మిగిల్చితే,” అన్నాడు అప్పన్న.

ఆ చివరి మాట ముసలయ్య పట్టించుకోలేదు. మొదటి మాట మాత్రం గోదావరి దాటేదాకా నెమరేసుకుంటూ వచ్చాడు. ఇంటికి రాగానే, రేపట్నుంచి నువ్వూ నేనూ ఎదురెదురుగా కూచుని తినాలని పెళ్ళానికి చెప్పాడు.

నూకాలమ్మ వారం రోజులు తప్పించుకుంది. ఒకరోజు పన్నునొప్పి అంది. ఒకరోజు ఉపవాసం అంది. ఇంకోరోజు పొయ్యి దగ్గరే తినేశానంది. ముసలయ్య అదంతా సిగ్గనుకున్నాడు. రేవులో మాత్రం అప్పటికే ఇద్దరూ కలిసి తింటున్నట్టు చెప్పేసుకున్నాడు. ఎనిమిదో రోజున, “దొరసానికి లేని సిగ్గు నీకేంటే! కూచో!” అని కసిరాడు. కూర్చుంది. పులుసులో.

మర్నాడు ముసలయ్యే దాకను దూరంగా జరిపాడు. ఆమె ముంత ఒళ్లో పెట్టుకుని, దాని మీద కొంగు కప్పుకుని కూర్చుంది. అతను అలవాటు చొప్పున “ఇంకాస్త పెట్టు” అన్నాడు. ముసలయ్య తిండి పేటలో పేరున్న తిండి. రెండోసారి పెట్టించుకోకుండా విస్తరి ముందు నుంచి లేచిన రోజు లేదు. నూకాలమ్మ కుండ వంచి, అడుగు గీకి పెట్టింది. అప్పుడతనికి సరదా పుట్టింది. తన విస్తట్లోంచి చేపముక్క తీసి, కొంగు పక్కకు లాగి, ఆమె ముంతలో పడేశాడు. ముక్క బుడుంగున మునిగింది.

ముంతలో గంజి. మెతుకన్నది లేదు.

“అన్నమేదే?”

“ఇప్పుడే గదా మావా, ఇంకాస్త పెట్టమన్నావు.”

“ఇయ్యాలంటే సరే. మరి రోజూ?”

“రోజూ అంటావు గదా.”

నిష్ఠూరంగా అనలేదు. పొద్దు పొడుస్తుందన్నట్టు అంది. కుండలోకి బియ్యం కొలిచి పోసేది అత్త మాణిక్యం. తన అత్త తనకు నేర్పిన కొలతే అది.

నూకాలమ్మకు అప్పుడు ఆరో నెల. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. రెండుసార్లూ మాణిక్యం కోడలి నుదుటిరాతను తిట్టింది. రెండుసార్లూ ముసలయ్య అమ్మవారికి కోడిని కోశాడు. ఆ కోడికూరా రెండోసారి పెట్టించుకునే తిన్నాడు.

ఆ పూట నుంచి ‘ఇంకాస్త’ మానేశాడు. ఆమె మొదటి ముద్ద మింగేదాకా, చేతులు ఒళ్లో పెట్టుకుని అచ్చం దొరలాగే కూర్చునేవాడు. అన్నం మరిచిపోయిన కడుపు నాలుగు ముద్దలకే వద్దనేది. “ఇంకొక్కటి, ఇంకొక్కటే” అని బతిమాలేవాడు. “తాతా, చెంచా ఎప్పుడు కొంటన్నావు?” అని రేవులో బంగారరాజు అడిగితే అందరూ నవ్వేవారు. ముసలయ్య కూడా నవ్వేవాడు. ఈసారి బిడ్డ నిలిస్తే చాలు, ఎవరు నవ్వితేనేం?

మూడు నెలల అన్నం తొమ్మిదేళ్ల గంజికి సరిపోలేదు. ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత ఉంది. మూడో రోజున పోయింది.

పురుడు వెళ్లిన నాడు ఇద్దరూ మళ్ళీ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె ముంత ముట్టలేదు. కనుక అతనూ విస్తరి ముట్టలేదు. మాణిక్యం గుమ్మంలో నిలబడి పేటంతా వినేటట్టు అందుకుంది.

“పరాసోళ్ల మర్యాదని కొంపకి తెచ్చి పసిగుడ్డుని మింగేశావు గదరా! మీ అయ్య బతికున్నన్నాళ్లూ ఆయన ఎదట ఓ ముద్ద నోట్లో పెట్టి ఎరగను. ఆయన తిన్నాక ఉంటే తిన్నాను, లేకపోతే లేదు. నాకేం తక్కువైందిరా?”

ముసలయ్య తల ఎత్తలేదు.

“మరి నాకీ పేరెందుకు పెట్టావే అమ్మా?”