తిరుగు సరుకు రిజిస్టర్‌లో నా వరుస

ఇప్పటికి మూడు అర్జీలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటి అర్జీ మా యజమాని బల్ల మీద చాలా రోజులు టీ గ్లాసు కింద ఉండి, గుండ్రటి మరకతో ఫైల్లోకి వెళ్లింది. రెండోది ఎటు పోయిందో తెలియదు. మూడోది చేతికిచ్చినప్పుడు ‘చూద్దాంలెండి’ అన్నారు. దాన్ని జవాబుగా నేను లెక్కవేయను. అందుకే జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. కొలిమి లోపల ఎంత వేడి ఉందో చెప్పే థర్మోకపుల్ సెన్సార్లు తయారు చేస్తాం. రెండు వేర్వేరు లోహాల తీగలు తీసుకుని కొసలు కలిపి వెల్డింగ్ చేస్తాం. కొస వేడెక్కేకొద్దీ తీగల్లో అతి కొద్ది వోల్టేజి పుడుతుంది. దాన్ని మీటరు డిగ్రీల్లోకి మార్చి చూపిస్తుంది. తీగలు ఒకదానికొకటి తగలకుండా పింగాణీ పూసలు గుచ్చి, స్టీలు గొట్టంలోకి దించి, పైన మూత ఉన్న డబ్బా బిగిస్తాం. ఆ డబ్బాను మేం తల అంటాం. అందులో రెండు స్క్రూలు, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. అక్కణ్ణుంచి కేబుల్ కంట్రోల్ రూములో ఉన్న మీటరు దాకా వెళుతుంది. ఈ పని నేను పెళ్లికి ముందు మొదలుపెట్టాను. ఇప్పుడు నా కూతురు డిగ్రీ చదువుతోంది.

ఒక రోలింగ్ మిల్లుకు మూడు సెన్సార్లు పంపాం. వారం తిరక్కుండా మూడూ వెనక్కి వచ్చాయి. మిల్లు ఇంజనీరు చీటీలో ఇలా ఉంది: రీడింగ్ తక్కువ చూపిస్తోంది, అసెంబ్లీ లోపం. మా యజమాని ఆ మాటల్ని ఉన్నదున్నట్టు తిరుగు సరుకు రిజిస్టర్‌లోకి ఎక్కించి, బాధ్యులు అనే గడిలో నా పేరు రాశారు. నన్ను పిలిచి ఒక్క మాట అడగలేదు.

నేను మూడింటినీ పరీక్షకు పెట్టాను. కరుగుతున్న ఐసులో సున్నా చూపించాయి, మరిగే నీళ్లలో వంద చూపించాయి. ఆ కాగితం తీసుకెళ్లి యజమాని ముందు పెట్టాను. ఆయనది గోదావరి జిల్లా, ఎవరి మీదా గొంతు పెంచరు.

“మరి వాళ్ల దగ్గర తప్పెందుకు చూపిస్తోందండీ? కస్టమరు అబద్ధమాడతాడా?”

“నేను ఆడుతున్నానా?”

“అబ్బే, నేనలా అన్నానా!” అని ఫోను తీశారు.

వాటి బదులు ఇంకో మూడు పంపాం. అవీ తక్కువే చూపించాయి. ఈసారి రిజిస్టర్‌లో ఎవరి పేరూ ఎక్కలేదు. మనిషిని పంపమని మిల్లు వాళ్లు కబురు చేశారు. నన్నే వెళ్లమన్నారు.

పరీక్షలకు ఐసు నేను ఫిషింగ్ హార్బర్‌లో తెస్తాను. తెల్లవారకముందే వెళ్లి, చేపల మీదికి పోకముందే ఐస్ ప్లాంటు దగ్గరే దిమ్మ కొట్టించుకోవాలి. పడవ వాళ్ల పెట్టెల్లో ఐసుకు ఉప్పు తగులుతుంది, అందులో సున్నా సున్నాగా ఉండదు. ఆ రోజు కూడా ఒక సంచి ఐసు పట్టుకుని మిల్లుకు వెళ్లాను. ఐసు శుభ్రమే గాని సంచి మాత్రం చేపల కంపు కొడుతోంది. కొలిమి దగ్గరున్న ఎలక్ట్రీషియన్ ముక్కు మూసుకున్నాడు.

“ఏటి బావ, కొలిమిలో సేపలు కాల్సడానికొచ్చావేటి?”

“ముందు తల మూత తియ్యి బావ, తరవాత కాలుద్దాం.”

మూత తీశాడు. కేబుల్‌లోని ఎర్ర తీగ ప్లస్‌కు బిగించి ఉంది.

“ఇదెవరు కలిపారు?”

“నానే. ఎరుపు పలస్సే గదా. బేటరీకైనా, ఆటోకైనా అదే గదా.”

అతని తప్పు కూడా పూర్తిగా అతనిది కాదు. ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన ఎవరైనా అదే చేస్తారు. కానీ వాళ్లు తెప్పించుకున్న ఆ రకం కేబుల్‌లో ఎరుపు మైనస్. అతను ఇక్కడ తిప్పి కలిపాడు, మీటరు దగ్గరా అలాగే తిప్పి కలిపాడు. రెండు చోట్లా తిరగబడింది కాబట్టి మీటరు వెనక్కి నడవదు, బుద్ధిగానే కనిపిస్తుంది. కానీ కేబుల్ తీగలూ సెన్సారు లోహాలవే కాబట్టి, తిప్పి కలిపితే తల ఎంత వేడెక్కితే అంత తక్కువ చూపిస్తుంది. మా షెడ్డులో కేబుల్ సరిగ్గా కలిపి ఉంటుంది, తల కూడా చల్లగా ఉంటుంది. అక్కడ ఏ తప్పూ ఎందుకు కనబడుతుంది?

ఇంజనీర్ని పిలిపించాను. మూత బిగించి, తల చుట్టూ ఐసు సంచి చుట్టి, మీటరు చూడమన్నాను. కొలిమిలో ఎవరూ ఏమీ మార్చలేదు. మీటరు మాత్రం ఎక్కడం మొదలుపెట్టింది. అలా ఎక్కుతూనే పోయింది.

“ఓలమ్మా! ఐసెడితే యేడి పెరుగుతాదేటి?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

రెండు చివర్లా తీగలు మార్పించి, తల మళ్లీ వేడెక్కేదాకా ఆగాను. మళ్లీ ఐసు చుట్టించాను. ఈసారి అంకె కదల్లేదు. ఇంజనీరు కాసేపు చూసి, “ఓకే, అర్థమైంది” అని టీకి వెళ్లిపోయాడు. నన్ను టీకి పిలవలేదు. అది చిన్న విషయమని నాకు తెలుసు, అయినా గుర్తుంది.

షెడ్డుకు వచ్చి ఇదంతా చెబితే విన్నది ఒక్కామే. మా దగ్గర పూసలు గుచ్చే ఆమె, అంతకుముందు హార్బర్ దగ్గర రొయ్యలు ఒలిచేది. పూస వంక చూడకుండానే గుచ్చుతుంది. చేతిలో పని ఆపకుండానే అంది.

“రంగు సూసి బిగిత్తే రంగే మోసం సేసింది గదన్నా. కళ్లు మూసుకుని బిగించినా తప్పు జరగనట్టు సెయ్యి.”

ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. తలలో రెండు స్క్రూలూ ఒకే లావు ఎందుకుండాలి? ప్లస్‌కు సన్న స్క్రూ, మైనస్‌కు లావు స్క్రూ పెట్టాను. కేబుల్ కూడా మేమే ఇచ్చేట్టు, దాని చివర రింగులు ఆ లావులకు తగ్గట్టే మా షెడ్డులోనే నొక్కి పంపేట్టు మార్చాను. పెద్ద రింగు సన్న స్క్రూకు పొరపాటున ఎక్కినా, చిన్న రింగు లావు స్క్రూకు ఎక్కదు. అక్కడితో చెయ్యి ఆగిపోతుంది. మీటరు వైపు కూడా అదే పద్ధతి. పనిలో పనిగా తలలో విడివిడిగా ఉండే వాషర్లు, స్ప్రింగులు, చిన్న చిన్న బిళ్లలు, అన్నీ కలిపి తొమ్మిది ముక్కల్ని నాలుగుకు తెచ్చాను. కింద పడితే బల్ల కింద దూరి వెతుక్కునే ముక్క ఒక్కటీ మిగల్లేదు. కొత్తగా చేరినవాళ్లు కూడా మొదటి రోజే తల బిగిస్తున్నారు.

రిజిస్టర్‌లో నా పేరున్న వరుస కొట్టేయమని మొదటి అర్జీ అప్పుడే రాశాను. ఆమెకు చదివి వినిపించాను.

“మరి నా మాట రాసినావేటన్నా అందులో?”

రాయలేదు. ఆ సంగతి దాచను. రెండో అర్జీలో రాశాను.

ఇప్పుడు మా షెడ్డు నుంచి బయటికి వెళ్లే ప్రతి సెన్సారుకూ ఆ తలే. ఆ మిల్లు కూడా అదే అడిగి తీసుకుంటోంది. డ్రాయింగ్ మీద కంప్యూటర్ ఆపరేటర్ పేరుంది. గీసింది అతనే, నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం రిజిస్టర్ మీద. అందులో నా వరుస అలాగే ఉంది. క్వాలిటీ ఆడిట్‌కు వచ్చిన ప్రతివాళ్లూ వేలు పెట్టి చదివి, ఈయనేనా అన్నట్టు నా వైపు చూస్తారు. కొత్తవాళ్లకు అసెంబ్లీ లోపం అంటే ఏమిటో చెప్పాల్సి వస్తే ఆ పేజీయే తెరిచి చూపిస్తారు. వాళ్లకు పని నేర్పేది నేను. పాఠం మాత్రం నా తప్పు.

కొట్టేయమని అడిగితే యజమాని అన్నారు, “కొట్టివేతలుంటే ఆడిట్‌లో సవాలక్ష ప్రశ్నలొస్తాయండీ. ఒక్క లైనేగా, మీరింకా మర్చిపోలేదా?”

మర్చిపోలేదు. ఎందుకు మర్చిపోవాలి? ఆ సెన్సార్లలో లోపం లేదని మిల్లులో నలుగురి ముందు తేలింది. లోపం నాదే అయితే కేబుల్, స్క్రూలు ఎందుకు మార్చారు? మార్చినవే ఎందుకు అమ్ముతున్నారు?

యజమాని గారూ, కొట్టేయడం కుదరదంటే కొట్టేయకండి. ఆ వరుస పక్కన రిమార్కుల గడి ఖాళీగా ఉంది. ‘కేబుల్ తిప్పి కలిపారు, అసెంబ్లీలో లోపం లేదు’ అని రాయడానికి చోటు సరిపోతుంది. నేను స్కేలు పెట్టి కొలిచాను. కింద మీ సంతకం కూడా పడుతుంది. రాస్తారా, రాయరా? ఏ సంగతో కాగితం మీద పెట్టి నాకు జవాబివ్వండి.