కప్ప దొరకని కప్పతల్లి

డోన్‌లో మా ఇంటి సందు మలుపులో ఆదివారం పొద్దున్నే క్యాట్‌ఫిష్ కోస్తారు. ఆ బురద కంపు, దాని మీద చల్లే పసుపు వాసన, తొట్టిలో ఇంకా ప్రాణంతో కొట్టుకునే నల్లటి చేపల చప్పుడు, అన్నీ కలిసి కిటికీలోంచి లోపలికొస్తాయి, నాకు కాఫీ గొంతు దిగదు. "చేపే కదా, ఎందుకే అంత కోపం?" అంటాడు మా ఆయన. చేపే. కానీ మా ఊరి కుంటను మింగిన చేప!

మాది ఓర్వకల్లు దగ్గర రాళ్ళగుట్టల కింది ఊరు. ఎండాకాలమంతా బీటలిచ్చి పడుండే మా కుంట మొదటి వానలకు ఎర్రనీళ్ళతో నిండితే చాలు, అంతవరకూ యాడ దాక్కున్నాయో ఏమో, పరిగె చేపపిల్లలు, నీళ్ళపాములు, కొంగలు, గట్టంతా గెంతే కప్పలు, అన్నీ దిగేవి. మేము బడి ఎగ్గొట్టి, పావడాలు పైకి దోపుకొని, తోకకప్పలను దోసిట్లో పట్టి కాళ్ళు మొలిచినాయా లేదా అని చూసి మళ్ళీ వదిలేవాళ్ళం. ఇంటికి పోయి జొన్నరొట్టె మీద శెనక్కాయల పొడి వేసుకొని తింటుంటే చేతులింకా నీచువాసన కొట్టేవి, అవ్వ తిట్టేది.

వాన ఎగ్గొట్టిన ఏడు కప్పతల్లి చేసేవాళ్ళు. ఆడోళ్ళ పని అది. బావురుకప్పను తడిగుడ్డలో మూటగట్టి, రోకలికి నడిమధ్య వేలాడదీసి, వేపాకు చుట్టి, ఇద్దరు ఆడపిల్లలు చెరో కొస భుజానెత్తుకొని ఇంటింటికీ పోతే, ప్రతి గడపలోనూ దాని మీద చెంబెడు నీళ్ళు పోసి, చేటలో జొన్నలో బియ్యమో వేసేవాళ్ళు. మా అవ్వే దీనికంతా పెద్ద. కప్ప మన కుంటదే కావాల, ప్రాణంతో ఉండాల, పొద్దు గుంకేలోపల పట్టిన చోటే వదలాల అని ఆమె కట్టడి. రోకలి మోసే వంతు నాకొచ్చినప్పుడు, మూటలో కప్ప తన్నులకు నేను కెవ్వుమంటే, "గమ్మునుండమ్మే, అది నీకన్నా శానా బయపడతాండాది" అనింది. వచ్చిన గింజలతో గట్టు మీదే బెల్లమన్నం వండి ఊరందరికీ పెట్టేవాళ్ళు. పొగ కలిసిన ఆ రుచి ఇప్పుడు ఎంత నెయ్యి పోసినా రాదు.

అట్లాంటి కుంటలో మా చిన్నాయన, అంటే అవ్వ చిన్నకొడుకు, ఎవరో ఇచ్చినారని బిందెడు క్యాట్‌ఫిష్ పిల్లలను తెచ్చి కుమ్మరించినాడు. సర్కారు వాటిని పెంచొద్దనిందంట అని మా నాయన చెప్పినా వినలేదు. "ఏమప్పా, ఉత్తగా పడుండే నీళ్ళు, నాలుగు చేపలు తింటే ఎవురికి నష్టం?" అని ఎదురు దబాయింపు! ముందు పరిగెలు పోయినాయి, తర్వాత తోకకప్పలు, పెద్ద కప్పలు. కప్పలు లేక పాములు, తినేదేమీ లేక కొంగలూ పోయినాయి. ఆ దయ్యపు చేప మాత్రం కుంట ఎండితే బురదలో దూరి బతుకుతుంది, వాన పడితే తడినేల మీద పాక్కుంటూ పక్కన పారే వంకలోకి పోతుంది. పోనీ ఊరు కడుపునిండా తినిందా అంటే, కంపని సగం మంది నోట పెట్టరు. మా ఖర్మ!

ఈ ఏడు శెనక్కాయ విత్తినాక వాన మొహం చాటేసింది. చూపు పోయి మంచానికి దగ్గరైన అవ్వ, "నేను కండ్లు మూసేలోపల ఒగసారి కప్పతల్లి చేయండి, పైరు ఎండిపోతాండాది" అని పట్టుబడితే నేనూ ఊరికి పోయినాను. కుంటలో వెతికినాం, వంకలో వెతికినాం, పక్కూరి చెరువు దాకా పోయినాం. కప్ప లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు! చిన్నాయన కర్నూలు పోయి రబ్బరు కప్పను కొనుక్కొచ్చినాడు. "అమ్మకు కండ్లు కనపడవు కదా పాపా, గుడ్డలో ఏముంటే ఏం?" అన్నాడు. ఆ మనిషికి ఏం చెప్పి చావాలి! పిల్లలు దాన్నే మోసినారు. నీళ్ళు పోసిన ఆడోళ్ళంతా కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వినారు. అవ్వ ఒక్కతే దానికి చేతులెత్తి మొక్కింది.

ఆ వారంలోనే వాన దంచికొట్టింది. తన రబ్బరు కప్ప మహిమేనని చిన్నాయన ఊరంతా చెప్పుకొని తిరిగినాడు. సాయంత్రం తెరిపిచ్చినాక అవ్వను అరుగు మీద కూర్చోబెడితే, నిండిన కుంట వైపు చెవి పెట్టి ఎంతసేపటికీ కదల్లేదు. "ఏమ్మే, కుంట నిండిందంటివే, ఒగటీ అరవదేం?" అనింది. చిన్నాయన సెల్‌ఫోన్‌లో కప్ప అరుపును యాడో వెతికి పట్టుకొని, గోడ పక్కన నిలబడి మోగించినాడు. అవ్వ మొహం విప్పారింది. కాసేపు విన్నాక మళ్ళీ ముడుచుకుపోయింది.

"పాపం, ఒగటే అరుస్తాండాది" అనింది. "దానికి బదులు పలికేటివి ల్యావా?"

చిన్నాయన ఫోను ఆపేసి, తల వంచుకొని ఇంట్లోకి పోయినాడు.